చిన్న ట్రైలర్‌తో శని, ఆదివారాలు ఫ్లై ఫిషింగ్: దిండి వైపు ఎవరైనా వెళ్ళారా?

రేవుగాలి (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. బొలెరో వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్ ఒకటి చేయించాను. ఒకటే ఇరుసు, రెండు చక్రాలు, ఖాళీ బరువు 250 కిలోల లోపే. పైన మడత టెంట్, వెనక తలుపు దించితే వంటబల్ల. రిజిస్ట్రేషన్ అయిపోయింది. బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు బండితో పాటే వెలుగుతున్నాయి.

నవంబరులో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలని ఆలోచన. నేనూ, మా బావమరిదీ. ఈకలతో కట్టిన తేలికపాటి ఎర (ఫ్లై) విసరడానికి 9 అడుగుల 8 నంబరు ఫ్లై రాడ్ ఉంది. విసరడం హిమాచల్‌లో ట్రౌట్ మీద నేర్చుకున్నాను, ఉప్పునీళ్ళు కొత్త. ఒక్క పండుగప్ప తగిలితే చాలు.

గోదావరి పాయల్లో వశిష్ఠ మీద దిండి, అంతర్వేది వైపు వెళ్ళాలా, వైనతేయ మీద ఓడలరేవు వైపు వెళ్ళాలా? ట్రైలర్ ఏటిగట్టు దాకా పోతుందా? నరసాపురం పంటు (ఏరు దాటించే బల్లకట్టు) మీద ఎక్కించుకుంటారా?

పాతగాలం (రాజోలు)

ఒక్క పండుగప్ప తగిలితే చాలా? ఆయ్, అంతకంటే ఇంకేం కావాలండి మనిషికి!

నా మాట వింటే ఆ ఈకలూ దారాలూ ఇంట్లో పెట్టి, బతికున్న రొయ్య గుచ్చి వెయ్యండి. మా రేవులో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, రొయ్యకి పడని పండుగప్ప లేదు. వినరని తెలుసు కాబట్టి చోటు చెప్తాను. నడి ఏట్లో వేసి లాభం లేదు. మురుగుకాలవ ఏట్లో కలిసే మొగ ఉంటుంది చూడండి, అక్కడ నిలబడండి. పాటు మొదలయ్యాక, అంటే పోటు తగ్గి నీళ్ళు సముద్రం వైపు లాగేటప్పుడు, కాలవలోంచి చిన్న రొయ్య, పరిగపిల్ల, కొయ్యింగపిల్ల అన్నీ నీళ్ళతో కొట్టుకొస్తాయి. పండుగప్ప మొగ పక్కన నీడలో కదలకుండా కాసుకుని ఉంటుంది. తిండి దాని నోటి దగ్గరికే వస్తుంటే అదెందుకు తిరుగుతుంది?

ఎనిమిదో నంబరు (కాకినాడ)

గురువుగారు చెప్పింది అక్షరాలా నిజం. ఫ్లైతో వెళ్ళేవాడికైతే ఆ మొగే దిక్కు. గాలంతో అయితే ఎర అక్కడే ఉండిపోతుంది, చేప ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మనం విసిరిన ఫ్లై నీళ్ళలో ఉండేది అర నిమిషం. అందుకే చేప ఉన్నచోటికే విసరాలి.

రేవుగాలి గారూ, కొన్ని సంగతులు ముందే చూసుకోండి. మీ లైన్ చల్లటి నీళ్ళ కోసం చేసినదైతే మన ఎండకి మెత్తబడి రాడ్ గైడ్లకి (లైన్ దూరే రింగులకి) అతుక్కుంటుంది. వేడి ప్రాంతాలకని విడిగా అమ్ముతారు, అది తీసుకోండి. 8 నంబరు లైన్ మొదటి 30 అడుగుల బరువు సుమారు 13.6 గ్రాములు. ఫ్లైని మోసుకెళ్ళేది ఆ బరువే. ఎదురుగాలికి ఫ్లై ముందుకు పోవడం లేదని ఇంకా పెద్ద ఫ్లై కడతారు కొందరు, దాంతో ఉన్న దూరం కూడా పోతుంది. గాలిలో సన్నటి ఫ్లై, పొట్టి లీడర్ (లైన్ కొసకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నదారం) వాడండి.

పండుగప్ప పళ్ళు నూకల్లాంటివి, వాటితో భయం లేదు. చెంపల డొప్ప అంచు మాత్రం బ్లేడు. దూకి తల విదిలించినప్పుడు సన్నదారం దానికి తగిలితే తెగిపోతుంది. చివర రెండడుగులు మందం దారం, 40 పౌండ్ల బరువు ఆపేది, కట్టండి.

అన్నిటికంటే కష్టం అలవాటు మార్చుకోవడం. ట్రౌట్‌కి రాడ్ పైకెత్తి గుచ్చుతారు. ఇక్కడ అలా ఎత్తితే ఫ్లై నోట్లోంచి బయటికొచ్చేస్తుంది. రాడ్ మొన నీళ్ళ వైపే ఉంచి, ఎడమచేత్తో లైన్‌ని గట్టిగా లాగండి. బరువు తెలిశాకే రాడ్ ఎత్తాలి.

ఇరుసు (తణుకు)

చేపల సంగతి నాకు తెలియదు, ట్రైలర్ సంగతి చెప్తాను.

ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం మీద పడే బరువు మొత్తం బరువులో పదో వంతు ఉండాలి. సామానుతో ట్రైలర్ 400 కిలోలైతే ముక్కు మీద 40 కిలోలు. ఇంట్లో బరువు తూచే మిషన్ ఉంటే దాని మీద ముక్కు ఆనించి చూడండి. మీ వంటబల్ల వెనక తలుపు దగ్గరే ఉందంటున్నారు. దానికి తోడు నీళ్ళ క్యాన్లు, గ్యాస్ బండ కూడా అక్కడే పెడితే ముక్కు తేలిపోతుంది. సిద్ధాంతం వంతెన మీద 80లో వెళ్తుంటే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. అప్పుడు గట్టిగా బ్రేక్ కొడితే ఇంకా ఊగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలడమే. అసలు ఆ అవసరం రాకుండా నీళ్ళు ఇరుసుకి కాస్త ముందు పెట్టుకోండి.

కొక్కెం కింద గొలుసులు రెండూ కత్తెరలా అడ్డంగా తగిలించండి. కొక్కెం ఊడినా ముక్కు రోడ్డు మీద పొడుచుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది.

పంటు మాటకొస్తే, ఎక్కిస్తారా లేదా అన్నది రేవులో ఆ పూట అడిగితేనే తెలుస్తుంది. నేనైతే ఎక్కించను. పాటులో నీళ్ళు దిగినప్పుడు రేవు వాలు ఎక్కువవుతుంది, బండి పంటు ఎక్కేచోట వంపు వస్తుంది. ఆ వంపులో మీ కొక్కెం నేలకి రాసుకుంటుంది. దిగేటప్పుడు వెనక్కి నడపాల్సి వస్తే అదొక తలనొప్పి. పొట్టి ట్రైలర్ కదా, మనం స్టీరింగ్ తిప్పేలోపే మడత పడుతుంది. మీరు రాజమండ్రి నుంచి కాబట్టి పంటుతో పని లేదు. జొన్నాడ వంతెన, రావులపాలెం మీదుగా రాజోలు వచ్చేయండి. నరసాపురం వైపు పోవాలనిపిస్తే 216 హైవే మీద చించినాడ వంతెన ఉండనే ఉంది.

శనివారం సంచారి (హైదరాబాద్)

కొబ్బరిచెట్ల కింద ట్రైలర్, పక్కన గోదావరి, పొద్దున్నే పొగలు కక్కే కాఫీ! మేమూ వస్తామండీ.

లంక రైతు (మలికిపురం)

సంచారి గారూ, రండి. కొబ్బరిచెట్టు కింద మాత్రం పడుకోకండి. కాయ పడుతుందని అందరికీ తెలుసు, ఎండుమట్ట సంగతి చాలామందికి తెలియదు. గాలి లేకపోయినా జారుతుంది, మొదలు బరువు మీ మడత టెంట్ గుడ్డకి ఆగదు. దింపు తీయించిన (కాయలు కోయించిన) తోటలో, చెట్ల వరసకి బయట, కళ్ళం ఉన్నచోట వేసుకోండి. రైతుని అడగకుండా ఏ తోటలోకీ దిగొద్దు. అడిగితే ఎవరూ కాదనరు. పైగా రెండు బొండాలు కొట్టిచ్చి మరీ కూర్చోబెడతారు.

ఇక గట్టు విషయం. దయచేసి ట్రైలర్‌ని మురుగుకాలవ గట్ల మీదికి ఎక్కించకండి. మీకు ఒక రాత్రి సరదా, మాకు ఆ గట్టే దిక్కు. శంకరగుప్తం డ్రెయిన్‌లో పోటుకి ఉప్పునీరు ఎగదన్ని కేశనపల్లి వైపు కొబ్బరిచెట్లు తలలు వాల్చేసిన సంగతి మీరూ వినే ఉంటారు. గట్టు ఒకచోట కుంగితే తర్వాతి పెద్దపోటుకి నీళ్ళు అక్కడే దారి చూసుకుంటాయి. వాన పడితే ఒండ్రులో మీ చక్రాలు దిగబడటం వేరే సంగతి, లాగడానికి ట్రాక్టరు తెచ్చేదీ మేమే.

ఇంకోటి. నవంబరు ఆఖరు, డిసెంబరు అంటే కోతలు. ఊళ్ళ రోడ్లకి ఒకపక్క అంతా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటుంది. బండి ఎలాగో తప్పించుకుంటుంది, మలుపులో ట్రైలర్ చక్రం లోపలికి కోసుకుని తిన్నగా ధాన్యం మీదే పోతుంది. మెల్లగా రండి.

రేవుగాలి

చాలా ఉపయోగపడే మాటలు చెప్పారండి. గట్టు ఆలోచన మానేశాను. ట్రైలర్ తోటలోనే ఉంచి, రాడ్, చిన్న సంచి పట్టుకుని నడిచి వెళ్తాం.

రైతుగారూ, రాత్రి దోమలకి కొబ్బరి డొక్కలు కాల్చుకోవచ్చా?

లంక రైతు

నిక్షేపంగా కాల్చుకోండి, డొక్కలు నేనే ఇప్పిస్తాను. ఒక్క మాట. దారిలో పొలాల్లో గ్యాస్ పైప్‌లైన్ గుర్తు రాళ్ళు, బోర్డులు కనిపిస్తాయి. వాటి దగ్గర నిప్పు అన్నది వద్దు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో జరిగిన గ్యాస్ పైప్‌లైన్ పేలుడుని ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. వాసన తేడాగా వస్తే సామాను సంగతి వదిలేసి ముందు మనుషులు దూరంగా వచ్చేయండి.

చీకటి పడ్డాక గట్టు మీద నడిచేటప్పుడు టార్చి, చీలమండ దాకా మూసే బూట్లు ఉండాల్సిందే. రక్తపింజర పక్కకి తప్పుకోదు, అక్కడే చుట్టుకుని బుసకొడుతుంది. కోతల రోజుల్లో ఎలకల కోసం గట్లెక్కుతుంది. కాటు పడితే కట్లు కట్టడాలు, కోయడాలు ఏమీ వద్దు. కాలు కదపకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి.

మడ అడవి (కాకినాడ)

ఇక్కడ ఎవరో ఒకరు కోరింగ పేరు ఎత్తుతారని ముందే రాస్తున్నాను. కోరింగ 1978 నుంచి అభయారణ్యం. 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి, నీటిపిల్లులుండే చోటు. అటవీశాఖ అనుమతి లేకుండా అందులో టెంటు వేయడం, గాలం వేయడం కుదరదు. హోప్ ఐలాండ్ వైపు ఇసకలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, రాత్రి లైట్లు వాటికి చేటు.

వశిష్ఠ, వైనతేయ పక్కన కూడా చెరువులు, కాలవలు చాలాచోట్ల మత్స్యకారుల సంఘాలకి పాటకి ఇచ్చి ఉంటాయి. వల కట్టి ఉన్న చోట మీరు ఫ్లై విసిరితే గొడవే. రేవులో పెద్దాయన ఎవరో కనుక్కుని ముందే చెప్పండి.

ఎనిమిదో నంబరు

మడ అడవి గారి మాటకి తోడు ఇంకో ప్రమాదం. మన రాడ్లు కార్బన్‌వి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్ల కోసం లాగిన తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో తెలిసిందే. 9 అడుగుల కర్ర చేత్తో ఎత్తితే మొన దాదాపు 15 అడుగుల పైకి పోతుంది. చెరువుల మధ్య నడిచేటప్పుడు రాడ్ విప్పేసి సంచిలో పెట్టుకోండి. విసిరేచోట ముందు పైకి చూడండి, తర్వాతే నీళ్ళు.

కోడిపుంజు (భీమవరం)

ఫ్లైలు కొంటున్నారా, కడుతున్నారా? మా వైపు ఈకలకి కరువు లేదండోయ్.

ఎనిమిదో నంబరు

భలే గుర్తు చేశారు. బయట కొనే ఈకల కంటే మన పుంజుల మెడ ఈకలు పొడుగు, మెరుపు ఎక్కువ. సేతువ (తెల్లపుంజు) మెడ ఈకలు నాలుగు వెనక తోకలా కట్టి, వాటి మీద కొంచెం డేగ (ఎర్రపుంజు) రంగు వేస్తే నీళ్ళలో అచ్చం కొయ్యింగపిల్లే. మురికినీళ్ళకి కాకి నలుపు. నలుపు మురికిలో కనపడదనుకుంటారు, కానీ కింద నుంచి చూసే చేపకి ఆకాశం మీద దాని నీడ స్పష్టంగా కనిపిస్తుంది. ఈకల్ని సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టండి, లేకపోతే పురుగు పడుతుంది. గాలం కొన పక్కనుండే ఎదురుముల్లుని శ్రావణంతో నొక్కేయండి, వదిలేటప్పుడు సుళువు.

పాతగాలం

వదిలేటప్పుడా? పండుగప్పనా?

ఎనిమిదో నంబరు

గురువుగారూ, కోప్పడకండి. పండుగప్ప మొదట మగదిగానే ఎదిగి, తర్వాత ఆడదిగా మారుతుంది. పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే. తినాలనుకుంటే మధ్యరకం ఒకటి ఉంచుకోండి, పెద్దదాన్ని వదలండి అంటాను నేను.

పాతగాలం

అదేదో మా ఇంట్లో చెప్పి చూడండి. ఆ పూట అన్నం పెడతారేమో కనుక్కుందాం.

సరే, పనికొచ్చే మాట ఒకటి. రోజు చూసుకోకుండా వెళ్ళి చేప లేదని ఏడవకండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటుపాట్లు జోరుగా ఉంటాయి, మొగలో నీరు పరిగెడుతుంది. అష్టమి అటూ ఇటూ నీరు చచ్చినట్టు పడి ఉంటుంది. ఆ రోజుల్లో కాలవలో కొరమీనో, మట్టగిడసో చూసుకోవాలి.

రేవుగాలి

అష్టమి నాడే కుదిరితే కొరమీనుకి ఫ్లై పని చేస్తుందా?

ఎనిమిదో నంబరు

చేస్తుంది. నీటి మీద తేలే కప్ప ఆకారం ఫ్లై, గుర్రపుడెక్కకి తగులుకోకుండా ముందు తీగ ఉన్నది. కొరమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, బుడగ కనిపించిన చోటికి కాస్త అవతల వేసి మెల్లగా దాని మీదుగా లాగండి. ఎర్రగా పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ వేయొద్దు. తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఆకలి లేకపోయినా కొడతాయి. అలా పట్టడం సరదా కాదు. అవి పోతే పిల్లలన్నీ పోతాయి.

పోటుపాట్ల టైముకి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ సైటు చూడండి. అందులోది సముద్రపు ఒడ్డు లెక్క. ఏట్లో పైకి వచ్చేకొద్దీ ఆలస్యం. రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి శనివారం పొద్దుట 6కి పాటు పట్టుకుంటే ఆదివారం 7కి దగ్గరవుతుంది. దాన్నిబట్టి వంట పెట్టుకోండి. వంటని బట్టి చేపల దగ్గరికి వెళ్తే కుదరదు.

గాలి కూడా అంతే. పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. కుడిభుజం వైపు నుంచి గాలి కొడితే ఫ్లై నేరుగా మీ చెవికే వస్తుంది. అప్పుడు నీళ్ళకి వీపు పెట్టి నిలబడి, వెనక విసురుని నీళ్ళ మీదికి వదలండి. కళ్ళద్దాలు తప్పనిసరి.

లంక రైతు

వాయుగుండం అన్న మాట వార్తల్లో వినపడితే ప్రయాణం మానేయండి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్ళం, మాకు ఈ నెల గాలి అంటే ఇప్పటికీ నమ్మకం లేదు.

రేవుగాలి

వెళ్ళొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, ఆఫీసు పని.

అమావాస్య ముందు శనివారం దొరికింది. రావులపాలెం దాటాక అంబాజీపేట వైపు తిరిగి పొట్టిక్కలు తిన్నాం, అది మా బావమరిది షరతు. ధాన్యం ఆరబోతల మధ్య చివరి పది కిలోమీటర్లకి పట్టిన టైములో రాజమండ్రి నుంచి రావులపాలెం రెండుసార్లు తిరిగి రావచ్చు. లంక రైతు గారు పరిచయం చేసిన తోటలో కళ్ళం మీద ట్రైలర్ పెట్టాం. ముక్కు కింద చెక్క, చక్రాలకి ఇటుకలు. టెంట్ విప్పుతుంటే ఊరి పిల్లలందరూ చుట్టూ చేరారు. బావమరిది వంటబల్ల దించి చూపించాక ఇక పెద్దవాళ్ళు కూడా వచ్చారు.

శనివారం సాయంత్రం ఏమీ లేదు. గాలి ఎక్కువ, పోటు ఎక్కుతోంది, నీరు చిక్కటి టీ రంగులో ఉంది.

ఆదివారం వెలుగు రాకముందే మొగ దగ్గర ఉన్నాం. పాటు లాగుతోంది. మురుగునీరు నల్లగా, ఏటినీరు పచ్చగా, రెండూ కలిసేచోట గీత గీసినట్టుంది. నడుముకి ప్లాస్టిక్ బుట్ట కట్టుకుని లాగిన లైన్ అందులోకి వేసుకున్నాను. లేకపోతే కాళ్ళ దగ్గరి గుర్రపుడెక్క అంతా లైన్‌కే చుట్టుకునేది. రొయ్యపిల్లలు గీత మీద చిటపటా ఎగురుతున్నాయి, వాటి మధ్యలోంచి ఉన్నట్టుండి ‘బొళుక్’ మని చప్పుడు. పెద్ద అల కూడా లేదు, చప్పుడు మాత్రమే. ఫ్లైని కాలవ వైపు ఏటవాలుగా పైకి విసిరి, నీళ్ళతో పాటు గీత దాకా రానిచ్చి లాగాను. రెండో లాగుడు మధ్యలో లైన్ ఆగిపోయింది. చెయ్యి వెనక్కి లాగేసరికి నీళ్ళ మీద వెండిపళ్ళెం లేచింది.

మూరకి కాస్త తక్కువ. రెండుసార్లు దూకి, మొగలో నాటిన వెదురు గుంజ వైపు పరిగెత్తింది. రాడ్ అడ్డంగా వంచి తిప్పాను. చేతికి వచ్చాక చూస్తే చివరి మందం దారం మీద అంగుళం మేర గరుకు. సన్నదారమైతే పోయేదే. కన్ను టార్చి వెలుగులో ఎర్రగా నిప్పుకణికలా ఉంది. నీళ్ళలోనే ముల్లు తీసి తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే తోక ఒక్కసారి విదిలించి వెళ్ళిపోయింది. ఫ్లై కోడిపుంజు గారు పంపిన సేతువ ఈకలదే.

తర్వాత చిన్న పార చేపలు తగిలాయి. పొద్దెక్కి గాలి లేవగానే మానేశాం.

పాతగాలం

మూరకి కాస్త తక్కువా? అది పులుసుకి సరిగ్గా సరిపోయే సైజు! మధ్యరకం ఉంచుకోవచ్చని మీ గురువే కదండీ అన్నాడు.

పాటు, మొగ, వేళ కుదిరాయి కాబట్టి దొరికింది. రొయ్య వేసుంటే ఇంకో రెండు దొరికేవి, రాసిపెట్టుకోండి.

కోడిపుంజు

మా సేతువ పందెంలో ఓడింది కానీ గోదాట్లో గెలిచింది.

శనివారం సంచారి

ఫోటో లేదా?

రేవుగాలి

చేతులు రెండూ చేప మీదే ఉన్నాయండి. బావమరిది అప్పటికి ట్రైలర్‌లో గురక పెడుతున్నాడు.

సంక్రాంతికి మళ్ళీ వద్దామనుకుంటున్నాం. కనుమ రోజు ఎలా ఉంటుంది?

లంక రైతు

కనుమ నాడు ట్రైలర్‌తోనా! జగ్గన్నతోట ప్రభల తీర్థం ఆ రోజే. ఏకాదశ రుద్రుల ప్రభలు మనుషుల భుజాల మీద కాలవలు దాటి, చేల మీదుగా వస్తాయి. అంబాజీపేట చుట్టుపక్కల రోడ్ల మీద బైకు కూడా కదలదు. తీర్థం చూడటానికి ఒట్టి చేతులతో రండి. చేపలకి పండగ వెళ్ళాక రండి, అది కూడా భీష్మ ఏకాదశి తప్పించి. అప్పుడు అంతర్వేది రథం, ఈ దారంతా జనమే.

ఇరుసు

రేవుగాలి గారూ, ఇంటికొచ్చాక ట్రైలర్ కడిగారా? ఏటి పక్క ఉప్పుగాలికి రాత్రంతా ఉంది. కొక్కెం, గొలుసులు, లైట్ల ప్లగ్గు మంచినీళ్ళతో తుడిచి, ప్లగ్గు పిన్నులకి కొంచెం గ్రీజు రాయండి. చక్రాల బేరింగులు వేడెక్కాయేమో ఈసారి దారిలో ఆగినప్పుడు హబ్ (చక్రం నడిమి భాగం) మీద చెయ్యి పెట్టి చూడండి. ఒకవైపు మాత్రమే వేడిగా ఉంటే ఆ బేరింగు విప్పించాల్సిందే.

రేవుగాలి

కడిగానండి, రాడ్, రీలు కూడా. హబ్ సంగతి నాకు తట్టలేదు. ఎడమది విప్పిస్తాను, ఆ వైపు నుంచి మెల్లగా కీచుమంటోంది.

ఇరుసు

అయితే మళ్ళీ బయల్దేరేదాకా ఆగకండి, ఈ వారమే విప్పించండి. రెండోవైపు కూడా అప్పుడే గ్రీజు పెట్టించేయండి.